ఏ రాయి ఏ ఊరిది?: న్యూయార్క్ క్లాయిస్టర్స్ కట్టడం గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

రేపు ఉదయం మనలో చాలామంది పిల్లాపాపలతో మన న్యూజెర్సీ నుంచి జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటి, మన్‌హాటన్ ఉత్తరపు కొసన ఉన్న క్లాయిస్టర్స్ మ్యూజియానికి వెళ్తున్నాం. వెళ్ళేముందు ఆ కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. నాలుగు మాటల్లో తేలే సంగతి కాదు. కాస్త ఓపిక పట్టి వినమని మనవి.

మ్యూజియానికి వెళ్తే గోడలకు ఏం తగిలించారో చూడడం మనకు అలవాటు. ఇక్కడ ఆ గోడలనే చూడాలి. ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, కమానులు, స్తంభాలు, ఒక చోట ఏకంగా చర్చి గర్భాలయం గోడ మొత్తం ఐరోపాలో పాడుబడ్డ మఠాల నుంచి, చర్చీల నుంచి ఊడదీసి తెచ్చినవి. వాటన్నిటినీ కలిపి, హడ్సన్ నది ఒడ్డున ఫోర్ట్ ట్రయన్ పార్కు కొండ మీద ఒక మఠంలా నిలబెట్టారు. 1938 మే నెలలో ప్రజలకు తెరిచారు. దూరం నుంచి చూసినవాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ నాటి కట్టడం అనుకుంటారు. బయటి గోడలు మాత్రం కనెటికట్ రాష్ట్రపు గ్రానైట్‌తో 1930లలో కట్టినవే. పాత రాళ్ళన్నీ లోపల ఉన్నాయి.

ఆ మఠాల నిర్మాణం ఎలా ఉండేదో ముందు చెప్పాలి. నడుమ ఆకాశం కనిపించే చతురస్రపు తోట, దాని చుట్టూ నాలుగు వైపులా కప్పు ఉన్న వసారాలు, వసారాలకు తోట వైపు చిన్న చిన్న స్తంభాల వరస. దీన్నే ఇంగ్లీషులో క్లాయిస్టర్ అంటారు, మ్యూజియం పేరు అదే. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి నేను వేరే వివరించనక్కరలేదు. సన్యాసులు ఆ వసారాల్లో నడిచేవారు, చదువుకునేవారు, బట్టలు ఉతుక్కునేవారు, వాన పడుతుంటే తడవకుండా ప్రార్థనకు వెళ్ళేవారు. ఇలాంటి వసారాల భాగాలు నాలుగు మఠాల పేరు మీద ఈ మ్యూజియంలో ఉన్నాయి: కుషా, సాన్ గిలెమ్, బొన్‌ఫోన్, ట్రీ. నాలుగూ ఫ్రాన్స్ దక్షిణ భాగంలోవి.

మరి ఆ రాళ్ళు అక్కడ ఎందుకు లేవు? అమెరికా డబ్బు వచ్చి మఠాలను ఎత్తుకుపోయిందని కొందరు అంటారు. అది సగం నిజం. మిగతా సగం ఫ్రాన్స్‌లోనే జరిగింది. 16వ శతాబ్దంలో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య జరిగిన యుద్ధాల్లో చాలా మఠాలు తగలబడ్డాయి. ఆపైన విప్లవం వచ్చింది. 1789 చివర్లో చర్చి ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, 1790లో సన్యాసుల మఠాలను రద్దు చేసింది, ఆ భవనాలను వేలం వేసింది. కొన్నవారికి మఠంతో పనేముంది? చెక్కిన రాయి దొరికే గనిగానే చూశారు. క్లూనీ అని ఫ్రాన్స్‌లో మహా మఠం ఒకటి ఉండేది. ఒకప్పుడు క్రైస్తవ ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి అక్కడే ఉండేది. దాన్ని 1798లో అమ్మేస్తే, కొన్నవారు ఇరవై ఏళ్ళకు పైగా పేల్చి, పగలగొట్టి రాయి అమ్ముకున్నారు. ఇప్పుడు అక్కడ చిన్న భాగం మాత్రమే మిగిలింది. అది తలచుకుంటే నాకు ఇవాళ్టికీ బాధగానే ఉంటుంది. అంత పెద్ద కట్టడం ఒక యుద్ధంలోనో భూకంపంలోనో పోలేదు. బండి బండిగా తరలిపోయింది.

కుషా కథ వింటే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. పిరనీస్ పర్వతాల్లో, ప్రాద్ అనే చిన్న పట్టణం పక్కన సెయింట్ మైకేల్ పేర వెలసిన మఠం అది. అంతకుముందు మఠం నది పక్కన ఇంకొక చోట ఉండేదట. 878లో వరద దాన్ని తుడిచిపెట్టడంతో సన్యాసులు కుషాకు తరలివచ్చారు. తర్వాత వందేళ్ళకు వెనీస్ నగరాధిపతి ఒకరు పదవి విడిచి, రహస్యంగా వచ్చి అక్కడే సన్యాసిగా మిగిలిన జీవితం గడిపాడు. అంత పేరున్న చోటు. 1130 ప్రాంతంలో అక్కడ గులాబీ రంగు పాలరాతితో వసారాలు కట్టారు. రాయి ఆ చుట్టుపక్కల గనులదే. విప్లవంలో సన్యాసులు వెళ్ళిపోయారు. 1839లో రెండు గోపురాల్లో ఒకటి కూలింది. స్తంభాలు ఒక్కొక్కటే ఊళ్ళోకి వెళ్ళాయి. కొన్ని ఇళ్ళలోకి, కొన్ని తోటల్లోకి చేరాయి. కొన్ని ప్రాద్‌లో ఒక స్నానశాలకు అలంకారమయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ గ్రే బర్నార్డ్ అనే అమెరికన్ శిల్పి అటువైపు వచ్చాడు. పుట్టింది పెన్సిల్వేనియాలో. ఆ రాష్ట్ర శాసనసభ భవనానికి హారిస్‌బర్గ్‌లో భారీ శిల్పాలు చెక్కే పని దొరికితే, ఫ్రాన్స్‌లో మకాం పెట్టి పనివాళ్ళతో చెక్కిస్తున్నాడు. ఇంతలో ఆ భవన నిర్మాణంలో కుంభకోణం బయటపడింది. డబ్బు రావడం ఆగిపోయింది. పనివాళ్ళకు జీతాలివ్వాలి, ఇల్లు గడవాలి. సైకిలెక్కి పల్లెలు తిరుగుతూ పాత శిల్పాలు కొని, వ్యాపారులకు అమ్మడం మొదలుపెట్టాడు. బతుకుతెరువు కోసం మొదలైన పని కొద్దికాలంలోనే వ్యసనమైంది. మంచి ముక్కలను అమ్మలేక తన దగ్గరే ఉంచుకోసాగాడు.

బర్నార్డ్ కన్ను గొప్పది. ఆ కాలంలో ప్యారిస్ వ్యాపారులు దంతపు బొమ్మలు, మీనాకారీ పెట్టెలు, చిన్న చిన్న నగిషీ వస్తువుల వెంట పడుతుంటే, ఇతను దొడ్లలోకి, కొట్టాల్లోకి, ద్రాక్షపందిళ్ళ కిందికి వెళ్ళి చూశాడు. సాన్ గిలెమ్ మఠపు స్తంభాలు దొరికింది అలాగే. ఆ మఠాన్ని 804లో షార్లమేన్ చక్రవర్తి బంధువైన గిలెమ్ అనే ప్రభువు స్థాపించాడు. దాని స్తంభాలు పక్క ఊళ్ళో ఒక న్యాయాధికారి తోటలో పందిరి గుంజలుగా, అలంకారాలుగా నిలబడి ఉన్నాయి. వాటిని 1906లో కొన్నాడు. రేపు ఆ స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. వాటి తలల మీద ఆకులు చెక్కారు. ఆకు అంచుల వెంట వరసగా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఉలితో కొట్టినవి కావవి, బర్మాతో తొలిచినవి. పాత రోమన్ శిల్పులు పాటించిన పద్ధతి అది. ఆ ప్రాంతంలో రోమన్ల కట్టడాలు ఇంకా నిలిచి ఉన్నాయి కాబట్టి, వెయ్యేళ్ళ తర్వాతి శిల్పి వాటిని చూసి నేర్చుకున్నాడన్నమాట. ఎండ వాలుగా పడితే ప్రతి రంధ్రంలోనూ చిన్న నీడ కనిపిస్తుంది. పైన అద్దాల కప్పు వేశారు గనుక వాన పడినా చూడవచ్చు.

బర్నార్డ్ సంపాదించినవాటిలో ఇంకొకటి తప్పక చూడాలి. జాన్ దల్వీ అనే యోధుడి సమాధి మీది ప్రతిమ అది. 13వ శతాబ్దపు సున్నపురాయి. గొలుసుల కవచం తొడుక్కుని, చేతులు జోడించి, పాదాల దగ్గర సింహంతో వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఇతను 1241లో పవిత్ర భూమికి, అంటే జెరూసలేం ప్రాంతానికి యుద్ధయాత్ర వెళ్ళి, యేసు శిలువలోని ముక్క అని నమ్మిన ఒక కొయ్యను వెంట తెచ్చాడు. నడుము పక్కన ఉన్న కత్తి పిడి చూడండి. ఐరోపా కత్తి పిడి అలా ఉండదు. చైనా తరహా కత్తి అని పండితులు గుర్తించారు. ఆ యాత్రలో ఎక్కడో చేతికి వచ్చి ఉంటుంది. ఈ ప్రతిమ ఉన్న మఠం పాడుబడ్డాక, దాన్ని ఒక వాగు మీద బోర్లా పరిచి, దాటడానికి వంతెనగా వాడుకున్నారని చెబుతారు. బోర్లా ఉండబట్టే ముఖం మిగిలింది. ప్రార్థనకు జోడించిన ఆ చేతులు నీళ్ళ వైపుకు తిరిగి ఎన్నేళ్ళు ఉన్నాయో! వాగు మీద నడిచిన రైతును నేను తప్పుపట్టను. అతనికి కావలసింది ఒక రాతి పలక. కానీ దాన్ని తిప్పి చూసినవాడికి మనం రుణపడ్డామా లేదా?

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. రక్షించడమూ, తీసుకుపోవడమూ ఒకే పని అయినప్పుడు దాన్ని ఏమనాలి?

ఫ్రాన్స్‌లోనూ ఆ ప్రశ్న అప్పుడే పుట్టింది. ప్రాద్ స్నానశాలలోని కుషా స్తంభాలను బర్నార్డ్ కొనబోతే ఊళ్ళో గొడవైంది. పత్రికలు రాశాయి. ప్రభుత్వం కదిలింది. చివరకు వాటిని అతను ఫ్రాన్స్‌లోనే వదిలేశాడు. మిగతా సరుకును మాత్రం ఓడలకెక్కించాడు. 1913 డిసెంబరు 31న ఫ్రాన్స్ చారిత్రక కట్టడాల చట్టం చేసింది. ఆ చట్టం రావడానికి కాస్త ముందే పెట్టెలు వెళ్ళిపోయాయి. ఇందులో నాకు ఇద్దరి పక్షమూ కనిపిస్తుంది. వందేళ్ళు పట్టించుకోని రాయి మీద, కొనేవాడు వచ్చాక ప్రేమ పుట్టిందని ఆ ఊరివాళ్ళను ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆలస్యంగా పుట్టినా అది ప్రేమే. ఆ గొడవ జరగకపోతే కుషాలో ఇవాళ ఇన్ని స్తంభాలు ఉండేవి కావు. ఫ్రాన్స్‌లో మిగిలిన ముక్కలతో 1950లలో కుషా వసారాల్లో కొంత భాగాన్ని వాటి సొంత చోటనే తిరిగి నిలబెట్టారు.

బర్నార్డ్ 1914 డిసెంబరులో, మన్‌హాటన్ ఉత్తర భాగంలోనే, ఇటుకలతో కట్టిన చర్చి లాంటి భవనంలో తన సేకరణను జనానికి చూపించాడు. కావలివాళ్ళకు సన్యాసుల దుస్తులు వేయించాడు. 1925లో కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన డబ్బుతో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాన్నంతా కొన్నది. రాక్‌ఫెల్లర్ అక్కడితో ఆగలేదు. ఫోర్ట్ ట్రయన్ కొండ ఆయనదే. దాన్ని నగరానికి పార్కుగా ఇచ్చి, అందులో కొత్త మ్యూజియానికి చోటు కేటాయించాడు. ఎదురుగా నదికి అవతల, అంటే మన న్యూజెర్సీ ఒడ్డున, పాలిసేడ్స్ కొండ అంచున ఉన్న భూములను కూడా కొని ప్రజలకు ఇచ్చాడు. అక్కడ ఎత్తైన భవనాలు లేస్తే మ్యూజియం నుంచి కనిపించే దృశ్యం పాడవుతుందని ఆయన భయం. రేపు పడమటి డాబా మీద నిలబడి మన ఒడ్డు వైపు చూస్తే చెట్లు, కొండ చరియ తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. నేను ఈ దేశంలో చూసిన దానధర్మాల్లో ఇంత ముందుచూపు ఉన్నది అరుదు.

భవనానికి రూపం ఇచ్చినవాడు చార్లెస్ కాలెన్స్ అనే వాస్తుశిల్పి. మ్యూజియం తరఫున జోసెఫ్ బ్రెక్ పని మొదలుపెట్టి, 1933లో చనిపోయాడు. ఆ తర్వాత జేమ్స్ రోరిమర్ అనే యువకుడు భారమంతా మోశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దోచిన కళాఖండాలను వెతికి పట్టుకున్న సైనిక బృందంలో తర్వాత ఈయన పనిచేశాడు. ఇంకా తర్వాత మెట్రోపాలిటన్ మ్యూజియం మొత్తానికే అధిపతి అయ్యాడు. బర్నార్డ్ మాత్రం ఈ కొత్త భవనం తెరవడం చూడలేదు. 1938 ఏప్రిల్ 24న, ప్రారంభానికి కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు.

వీళ్ళు ఎదుర్కొన్న చిక్కు ఏమిటంటే, చేతిలో ఉన్నది పూర్తి కట్టడం కాదు. కుషా అసలు వసారాల కొలత ఇక్కడ నిలబెట్టినదానికి దాదాపు రెండింతలు. తెచ్చిన స్తంభాలు, కమాను రాళ్ళు ఆ చిన్న చతురస్రానికి కూడా చాలలేదు. అప్పుడు ఏం చేయాలి? సిమెంటుతో పూడ్చి రంగు వేయవచ్చు. ఖాళీగా వదిలేయవచ్చు. వీళ్ళు పిరనీస్‌లోని పాత గని నుంచే కొత్త పాలరాయి తవ్వించి తెప్పించారు. కొత్త రాళ్ళను పాత కొలతలకే చెక్కించారు గానీ, బొమ్మల్ని నకలు చేయించలేదు.

అందుకని రేపు కుషా తోట దగ్గర ఒక పని చేయండి. పిల్లల చేత కూడా చేయించండి. ఏదో ఒక మూల నిలబడి, స్తంభాల తలలను వరసగా చూస్తూ వెళ్ళండి. ఒకదాని మీద రెండు దేహాలకు ఒకే తల ఉన్న సింహం. ఒకదాని మీద మనిషిని మింగుతున్న మృగం. ఇంకొకదాని మీద గొంతుక్కూర్చున్న కోతులు. అంచులు అరిగి, ముక్కులు విరిగి, గులాబీ రంగు మీద మాసిన తెలుపు కనిపిస్తుంది. ఇంతలో పక్కనే అంచు పదునుగా, మచ్చలేకుండా ఉన్న రాయి వస్తుంది. అది 1930ల రాయి. రెంటి మధ్య అతుకు కంటికి కనిపిస్తుంది. చేతితో తాకకండి, కంటితో చూస్తే చాలు. ఆ అతుకు కనిపించేలా ఉంచడమే నాకు ఈ కట్టడంలో అన్నిటికన్నా నచ్చిన విషయం. ఏది పాతదో, ఏది మేం చేర్చిందో మీరే చూసుకోండి అని కట్టినవాళ్ళు చెబుతున్నారు.

ఆ మృగాల గురించి ఒక మాట. సెయింట్ బెర్నార్డ్ అనే మహా సన్యాసి 1125 ప్రాంతంలోనే వీటి మీద విరుచుకుపడ్డాడు. చదువుకోవలసిన సన్యాసి రోజంతా ఈ వింత జంతువుల బొమ్మలు చూస్తూ గడిపేస్తాడని ఆయన అభ్యంతరం. ఆయన అనుయాయులైన సిస్టెర్షియన్ సన్యాసుల మఠాల్లో స్తంభాల తలలు అందుకే సాదాగా ఉంటాయి. ఇక్కడి బొన్‌ఫోన్ తోటలో ఆ తేడా కనిపిస్తుంది. బొన్‌ఫోన్, ట్రీ పేర్ల మీద ఉన్న రాళ్ళలో కొన్ని నిజానికి ఆ మఠాలవి కావనీ, ఆ చుట్టుపక్కల ఇతర మఠాలవనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. మ్యూజియం ఆ సంగతిని దాచలేదు. వ్యాపారి చెప్పిన ఊరి పేరు వేరు, రాయి చెప్పే ఊరి పేరు వేరు. రెండోదాన్ని వినాలంటే గని రాయి, ఉలి గుర్తులు, పాత నకాశీలు పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి పోల్చాలి. ఆ పని చేసినవాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం.

ఇక చర్చి గర్భాలయం గోడ. స్పెయిన్‌లో సెగోవియా దగ్గర ఫ్వెంతిదువేన్యా అనే పల్లెలో సెయింట్ మార్టిన్ చర్చిది. 12వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో కట్టారు. మిగతా చర్చి కూలిపోయి, అర్ధవలయాకారపు ఆ కొసగోడ ఒక్కటే కొండ మీద నిలిచి ఉంది. సుమారు 3,300 రాళ్ళు. ప్రతి రాయికీ అంకె వేసి, పటంలో గుర్తించి, పెట్టెల్లో సర్ది 1950ల చివర్లో ఇక్కడికి తెచ్చారు. 1961లో తెరిచారు. ఇది కొనుగోలు కాదు, మార్పిడి. స్పెయిన్‌లోనే బెర్లాంగా దగ్గర సాన్ బౌదేలియో అనే చిన్న గుడిలాంటి చర్చి ఉంది. దాని గోడల మీది చిత్రాలను 1920లలో ఒలిచి అమ్మేశారు. వాటిలో ఆరింటిని మెట్రోపాలిటన్ మ్యూజియం కొని స్పెయిన్‌కు అందజేస్తే, ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. బదులుగా ఈ గోడ దీర్ఘకాలపు అరువు మీద ఇక్కడికి వచ్చింది. చిత్రాలు స్పెయిన్‌కు చేరాయి గానీ, వాటి సొంత చర్చికి చేరలేదు. అక్కడ గోడల మీద వాటి చాయలు మాత్రం మిగిలాయి.

రేపు ఆ గోడ ముందు నిలబడినప్పుడు పైకి చూడండి. అర్ధగోళం లోపల మేరీమాత, బాలయేసు చిత్రం ఉంటుంది. అది ఫ్వెంతిదువేన్యాది కాదు. పిరనీస్‌లో త్రెదోస్ అనే ఊరి చర్చిది. రాయి ఒక ఊరిది, చిత్రం వేరే ఊరిది. కింద ఉన్న వివరం చదవకుండా వెళ్ళిపోతే రెండూ పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయనిపిస్తుంది. చూడడానికి అంత అందంగా కుదిరాయి. కుదిరినప్పుడే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

రాళ్ళకు అంకెలు వేయడం గురించి ఇందాక అన్నాను. అది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఫ్లోరిడా కథ ఒకటుంది. స్పెయిన్‌లోనే సాక్రమేనియా మఠం, 1141 నాటికి పూర్తయినది. 1835 ప్రాంతంలో స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తులను జప్తు చేసి అమ్మితే, ధాన్యపు కొట్టుగా, పశువుల కొట్టంగా మారింది. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 1925లో దాని వసారాలను కొన్నాడు. ఊడదీసి, ఎండుగడ్డి చుట్టి, దాదాపు 11,000 పెట్టెల్లో సర్ది న్యూయార్క్‌కు పంపించారు. సరిగ్గా ఆ సమయంలో సెగోవియా ప్రాంతంలో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చింది. గడ్డి ద్వారా ఆ రోగం ఇక్కడి పశువులకు అంటుతుందని అధికారులు పెట్టెలన్నీ తెరిపించి గడ్డిని తగలబెట్టించారు. వాళ్ళ భయం న్యాయమైనదే. కానీ రాళ్ళను తిరిగి పెట్టేటప్పుడు, ఏ పెట్టెలోది ఆ పెట్టెలో పెట్టాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది.

కమాను కట్టడం చూసినవారికి దాని ఫలితం తెలుస్తుంది. ముందు చెక్కతో వంపు చట్రం నిలబెడతారు. రెండు వైపుల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, నడిమి రాయి దిగేసరికి బరువంతా ఒకదాన్నొకటి నొక్కుకుని నిలుస్తుంది. అప్పుడు చట్రం తీసేస్తారు. ఒక్కొక్క రాయి పైన వెడల్పు, కింద సన్నం. ఎంత వెడల్పు, ఎంత సన్నం అన్నది దాని చోటును బట్టి ఉంటుంది. పక్క కమాను రాయి తెచ్చి ఇందులో పెడితే సందు మిగులుతుంది, లేదా దిగదు. అలాంటి రాళ్ళు వేల కొద్దీ కలిసిపోయాయి. హర్స్ట్ ఆర్థికంగా చితికిపోవడంతో పెట్టెలు బ్రూక్లిన్ గిడ్డంగిలో పాతికేళ్ళకు పైగా మగ్గాయి. ఆయన పోయాక, 1952లో ఇద్దరు వ్యాపారులు కొని ఫ్లోరిడాలోని నార్త్ మయామీ బీచ్‌కు చేర్చి, దాదాపు ఏడాదిన్నర పైగా కష్టపడి నిలబెట్టారు. కొన్ని రాళ్ళకు చోటు దొరకనేలేదు. ఆ కట్టడానికి ఇప్పుడు సెయింట్ బెర్నార్డ్ పేరే ఉంది. అక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి, పెళ్ళిళ్ళు కూడా జరుగుతున్నాయి. రాయి బతికింది. దాని చిరునామాలో మాత్రం కొంత శాశ్వతంగా చెరిగిపోయింది.

ఇదంతా మనకు దూరపు కథ కాదు. అమరావతి మహాస్తూపం రాళ్ళకు పట్టిన గతి మీకు తెలుసు. 18వ శతాబ్దం చివర్లో కొత్త ఊరి కట్టడాలకు అక్కడి రాళ్ళు తవ్వుకున్నారు, కొన్నిటిని సున్నానికి కాల్చారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి, 1816లో మళ్ళీ వచ్చినప్పుడు బొమ్మలు గీయించకపోతే, ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో ఊహించే ఆధారం కూడా మిగిలేది కాదు. మిగిలిన శిల్పాలు ఎక్కువ భాగం చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. 2023లో, క్లాయిస్టర్స్‌ను నడిపే మెట్రోపాలిటన్ మ్యూజియమే, తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి నుంచి తోరణపు రాళ్ళు ఆ ప్రదర్శనకు వచ్చాయి. అవి కొన్ని నెలల అరువు మీద వచ్చినవి. ప్రతిదాని పక్కనా ఫణిగిరి, తెలంగాణ అని రాసి ఉంది. వందేళ్ళ కిందట బర్నార్డ్ కాలంలో రాయి ఓడెక్కితే తిరిగి వచ్చే దారి ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. రాయి ప్రయాణం చేయడం తప్పని నేను అనను. వెళ్ళిన చోట దాని ఊరి పేరు చెప్పకపోవడం తప్పంటాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఆ రాళ్ళను ఫ్రాన్స్‌కు తిరిగి పంపేయాలంటారా అని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు.)

మంచి ప్రశ్న అడిగారండీ. నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. దోచుకున్న వస్తువు తిరిగి వెళ్ళాలి, అందులో సందేహం లేదు. కుషా, సాన్ గిలెమ్ రాళ్ళు దోపిడీ సొత్తు కావు. అమ్మినవాళ్ళకు అమ్మే హక్కు ఉంది, చట్టం అప్పటికింకా రాలేదు. పైగా ఇప్పుడు ఇక్కడి గోడల్లో బరువు మోస్తున్నాయి. ఊడదీస్తే మళ్ళీ కొన్ని విరుగుతాయి. అందుకని తిరిగి పంపాలని నేను అనను. కానీ ఆ ఊళ్ళవాళ్ళు తమ మఠాన్ని తిరిగి నిలబెట్టుకుంటున్నప్పుడు కొలతలు, అచ్చులు, ఫొటోలు, పరిశోధన అన్నీ ఇక్కడి నుంచి అడగకుండానే అందాలి. ఆ మాత్రం బాకీ ఉంది.

(కుషా మఠాన్ని ఇప్పుడు చూడవచ్చా అని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు.)

తప్పకుండా చూడవచ్చమ్మా. ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దాకా రైలు ఉంది, అక్కడి నుంచి ప్రాద్‌కు వెళ్ళాలి. ఊరికి దగ్గరలోనే మఠం. సన్యాసులు మళ్ళీ అక్కడ ఉంటున్నారు. మిగిలిన ఒక్క గోపురం, తిరిగి నిలబెట్టిన వసారా, పాత చర్చి అన్నీ ఉన్నాయి. ఇక్కడి క్లాయిస్టర్స్ గోపురానికి నమూనా ఆ గోపురమే కాబట్టి, రేపు దీన్ని ఫొటో తీసి పెట్టుకుంటే అక్కడ పోల్చి చూసుకోవచ్చు. స్పెయిన్ నియంతృత్వానికి తలవంచకుండా ప్రాద్‌లో ప్రవాసం ఉన్న చెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్ పేర 1950లో మొదలైన సంగీతోత్సవం ఏటా వేసవిలో జరుగుతుంది. కచేరీలు ఆ మఠం చర్చిలోనే పెడతారు. ఆ రోజుల్లో వెళ్ళగలిగితే సంగీతం కూడా వినవచ్చు. బస మాత్రం ముందే చూసుకోండి, అది చాలా చిన్న ఊరు.